కూత తర్వాత ఊపిరి

ఉదయం ఆరు దాటింది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఓ పాత క్వార్టరు వరండా. తొమ్మిదేళ్ల పిల్లాడు రెండు చెవులూ అరచేతులతో గట్టిగా మూసుకుని గోడకు అతుక్కుపోయాడు. యార్డులో గూడ్సు బండి కూత వేస్తోంది. మనకది రోజూ వినే కూతే. ఆటిజం ఉన్న ఆ పిల్లాడికి అది తట్టుకోలేనంత పెద్ద చప్పుడు.

యోగా నేర్పే టీచరమ్మ వాడి చేతులు లాగలేదు. తనూ చెవులు మూసుకుని పక్కన కూర్చుంది. పెదవులు కలిపి తుమ్మెదలా ఝుమ్మంది. భ్రామరి ప్రాణాయామం చేసేదే చెవులు మూసుకుని. అంటే సగం పాఠం వాడికి ముందే వచ్చు! కూత ఆగింది, తుమ్మెద ఆగలేదు. నాలుగోసారికి వాడి గొంతులోంచీ సన్నగా అదే నాదం.

ఆ వరండాలో నేను చూసిన యోగా అంతా ఇలాంటిదే. పిల్లాణ్ణి ఆసనంలోకి వంచరు, పిల్లాడు చేసేదాంట్లోంచే ఆసనాన్ని తీస్తారు.

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు మనవాళ్లు పట్టాల పనికీ, షెడ్ల పనికీ ఈ ఊరొచ్చి స్థిరపడ్డారు. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ఇదే కేంద్రమైంది. ఇక్కడి తెలుగు పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ. మాట ఆలస్యమైన పిల్లాడుంటే చాలామంది ఇచ్చే సలహా ఒకటే: ఇంట్లోనూ హిందీయే మాట్లాడండి. ఇది తప్పు సలహా. రెండు భాషలు వినడంవల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట మరింత వెనకబడదని పరిశోధనలు చెబుతున్నాయి. నానమ్మ నోట తెలుగు ఆగిపోతే ఆ పిల్లాడికి నానమ్మే దూరమవుతుంది. అందుకే ఈ వరండాలో ‘పీల్చు’, ‘వదులు’, ‘చేతులెత్తు’ అన్నీ తెలుగులోనే. ఒక్కో సూచనకు ఒక్క మాట, అదీ రోజూ ఒకే మాట.

చదువులో వెనకబడ్డ పిల్లలూ ఇద్దరు వస్తారు. అక్షరాలు తారుమారయ్యే ఓ అమ్మాయికి కుడి, ఎడమ ఎప్పుడూ తికమకే. వృక్షాసనంలో ఏ కాలు ఎత్తాలో తెలియడానికి కుడి పాదం కింద ఎర్ర గుడ్డ వేశారు. యోగాతో చదవడం వచ్చేయదు, దానికి వేరే పాఠం కావాలి. కానీ బడిలో రోజూ ‘మొద్దు’ అనిపించుకునే పిల్ల ఒంటికాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలబడి అందరివైపూ చూసిన చూపు నేను మరిచిపోలేను.

శవాసనమే అన్నిటికన్నా కష్టం. కదలకుండా పడుకోవడం వీళ్లలో చాలామందికి శిక్ష. ఓ నానమ్మ ఇంటినుంచి పాత చీరలతో కుట్టిన బొంత తెచ్చింది. “ఏటమ్మా, ఇది కప్పితే పడుకుంటాడు, నాకు తెలుసు కదా” అంది. నిజమే. ఆ బరువు కింద పిల్లాడి కాళ్లు మెల్లగా సద్దుమణిగాయి. మరో పిల్లాడు మాత్రం బొంత విసిరికొట్టాడు. ఎవరి ఒళ్లు వాళ్లది.

బెంగళూరులో తొంభై మంది మానసిక వైకల్యం ఉన్న పిల్లల్లో సగం మందికి ఏడాదిపాటు యోగా నేర్పి చూశారు. 1989లో వచ్చిన ఆ ఫలితాల్లో యోగా చేసినవాళ్లు ముందున్నారు. ఆటిజం మీద 2010లో వచ్చిన మరో బెంగళూరు అధ్యయనం, ఎదుటివారిని చూసి అనుకరించడం మెరుగైందని చెప్పింది. అందులో ఉన్నది ఆరుగురు పిల్లలే. ఆశ పడటానికి ఇది చాలు, హామీ ఇవ్వడానికి చాలదు. ‘మూడు నెలల్లో నయం’ అని డబ్బు గుంజేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆటిజం తగ్గిపోయే జ్వరం కాదు. మూర్ఛలున్న పిల్లలతో కపాలభాతి, భస్త్రిక చేయించకూడదు. డౌన్ సిండ్రోమ్ ఉంటే మెడ ఎముకల సంగతి డాక్టరు చూడకుండా శీర్షాసనం, హలాసనం జోలికి పోకూడదు.

రైల్వే ఇళ్లలో ఇంకో భయం, బదిలీ. రోజూ నడిచే దారి మారితేనే తల్లడిల్లే పిల్లాడికి ఊరే మారితే? వైకల్యం ఉన్న బిడ్డను చూసుకునే ఉద్యోగికి మామూలు బదిలీల నుంచి మినహాయింపు ఇవ్వొచ్చని కేంద్రం 2014లో ఉత్తర్వులిచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంతో గుర్తింపున్న వైకల్యాలు ఏడు నుంచి ఇరవై ఒకటికి పెరిగాయి. ఆటిజం, చదువులో ప్రత్యేక ఇబ్బందులు రెండూ ఆ జాబితాలో చేరాయి. సర్టిఫికెట్ తీసుకుంటే బిడ్డకు ముద్ర పడుతుందని జంకే తల్లిదండ్రులు నాకు తెలుసు. తీసుకోండి. అది ముద్ర కాదు, హక్కు.

మళ్లీ ఆ వరండాకే వస్తాను. గోడమీద వరుసగా అట్టలు, ఒక్కో ఆసనం బొమ్మ కింద ఒక్కో స్టేషన్ పేరు. తాడాసనం బిలాస్‌పూర్, వృక్షాసనం బిల్హా, వజ్రాసనం భాటాపారా, బాలాసనం తిల్దా, శవాసనం రాయ్‌పూర్. తర్వాత ఏం వస్తుందో ముందే తెలిస్తే ఈ పిల్లలకు సగం బెంగ తీరుతుంది.

ఆ రోజు ఎండ ముదురుతోందని టీచరమ్మ తొందరపడి వృక్షాసనం తర్వాత నేరుగా బాలాసనం చేయించబోయింది. చెవులు మూసుకున్న ఆ పిల్లాడు వంగలేదు. వారాల తరబడి మాటే రాని నోరు. గోడ దగ్గరికి వెళ్లి మూడో అట్టమీద వేలు పెట్టాడు.

“భాటాపారా.”

టీచరమ్మ లేచి వెనక్కి వచ్చి, వజ్రాసనంలో కూర్చుంది.