డయాలసిస్ అలసటకు ఊపిరే ఊరట

ఇంట్లో ఒకరికి డయాలసిస్ మొదలైతే వంట దగ్గర నుంచి నిద్రవేళల దాకా అన్నీ మారిపోతాయి కదండీ! వారానికి రెండు మూడుసార్లు ఆస్పత్రి, వెళ్లినప్పుడల్లా నాలుగేసి గంటలు మిషను పక్కన మంచం మీద. ఇంటికొచ్చాక మాట్లాడే ఓపిక కూడా ఉండదు. చూసేవాళ్లకి బద్ధకంలా అనిపిస్తుంది గానీ, అది బద్ధకం కాదు. ఒంట్లో రక్తం తగ్గడం, మిషను నీటిని లాగేయడం, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, మనసులో దిగులు - ఇవన్నీ కలిసిన నీరసం.

మందులు మందులే. వాటితో పాటు పైసా ఖర్చులేని ఉపాయం ఒకటుంది. అదే నిదానంగా ఊపిరి తీయడం. డయాలసిస్ రోగులతో ఇది చేయించి చూస్తే అలసట తగ్గినట్లు కొన్ని పరిశోధనల్లో తేలింది. మావారి చేత నేనూ రోజూ చేయిస్తున్నాను.

ఎలా చేయించాలి?

* వదులు బట్టలు వేసుకుని, వీపు వెనక దిండు పెట్టుకుని కూర్చోవాలి. భోజనమైన వెంటనే వద్దు.
* ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి పొట్ట మీద ఉంచాలి. ఫిస్టులా ఉన్న చేతిని నొక్కి పెట్టకూడదు.
* ముక్కుతో మెల్లగా గాలి పీల్చాలి. పొట్ట మీది చెయ్యి పైకి లేవాలి, ఛాతీ మీది చెయ్యి అంతగా కదలకూడదు.
* వేడి పాలు ఊదినట్లు పెదాలు సున్నాలా చుట్టి నిదానంగా వదలాలి. రెండు అంకెలు పీలిస్తే నాలుగు అంకెలు వదలాలి.
* మొదట ఐదు నిమిషాలు చాలు. అలవాటయ్యాక పది నిమిషాలు, పూటకొకసారి.

మిషను మీద ఉన్నప్పుడు చేయాలంటే ముందు నర్సునడగండి. సూదులున్న చెయ్యి కదపకుండా చేయాలి. కళ్లు తిరిగితే ఆపేయాలి. ఊపిరి బిగబట్టడం, భస్త్రిక, కపాలభాతి లాంటివి డాక్టరుగారు సరేననకుండా వద్దు.

ఇక్కడ జాగ్రత్త!

నీరసంగా ఉన్నారని మనం ప్రేమకొద్దీ కొబ్బరినీళ్లో, పళ్లరసమో ఇస్తాం. డయాలసిస్ వాళ్లకు అది ప్రమాదం. వాటిలోని పొటాషియం ఒంట్లో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ఆవకాయ, అప్పడాలూ అంతే. ఉప్పు ఎక్కువైతే దాహం, దాహమైతే నీళ్లు. ఆ నీళ్లు బయటికి పోయే దారి ఉండదు.

పడుకుంటే ఆయాసం రావడం, కాళ్లు పొంగడం, రెండు రోజుల్లోనే బరువు బాగా పెరగడం - ఇది అలసట కాదు, ఒంట్లో నీరు చేరిందన్నమాట. ఛాతీలో నొప్పి, గుండెదడ, కాళ్లూ చేతులూ పట్టు తప్పడం కూడా మామూలు అలసట కాదు. అప్పుడు ఊపిరి సాధన అంటూ కూర్చోకుండా, డయాలసిస్ రోజు దాకా ఆగకుండా, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

చివరగా ఒక మాట. "చేయండి" అని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోకండి. పక్కన కూర్చుని మీరూ చేయండి. అలసట వాళ్లకే కాదు, మనకూ ఉంటుంది కదా!