చల్లని యంత్రమునకు మంచు పట్టినచో

ఇంటిని చల్లబరచు యంత్రము మంచుగడ్డ కట్టియుండగా గదులు మాత్రము వేడెక్కుచుండుట వింతగా తోచును. అమెరికాలో కాపురములుండు మన తెలుగు సోదరీమణులలో ననేకులకు ఈ చిక్కు క్రొత్త కాదు. అచ్చట గదికొక యంత్రము గాక, ఇంటికంతటికి నొకే యంత్రముండి, పెద్ద గొట్టముల ద్వారా అన్ని గదులకును చల్లగాలి పంపుచుండును. మన దేశమున గోడకు తగిలించు ఏ.సీ.లకును ఈ జబ్బు వచ్చుట కలదు. గృహిణి దీని మర్మము కొంత యెరిగియున్నచో, ధనము నిలుచుటయే గాక, మండు వేసవిలో ఇంటిలోని పసివారికిని వృద్ధులకును బాధ తప్పును.

మంచును చూచి యంత్రము మిక్కిలి చక్కగా పనిచేయుచున్నదని భ్రమపడరాదు. చల్లని నీరు పోసిన చెంబు వెలుపల చెమ్మ పట్టుట మనమెరిగినదే. యంత్రములోని కాయిల్ అను గొట్టముల చుట్టకును అట్లే చెమ్మ పట్టును. ఆ గొట్టములలో మనము గ్యాసు అని పిలుచు శీతల ద్రవ్యము ప్రవహించుచు, ఇంటిగాలిలోని వేడిని గ్రహించును. గాలి తగినంత వీచుచున్నంత వరకు ఆ చుట్ట సుమారు 4, 5 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద నిలుచును. చెమ్మ నీరై పళ్ళెములో పడి వెలుపలికి పోవును. గాలి గాని గ్యాసు గాని తగ్గెనా, చుట్ట 0 డిగ్రీలకు దిగువకు జారును, చెమ్మ మంచగును. ఆ మంచు గాలికి అడ్డుపడును. గాలి తగ్గిన కొలది మంచు మరింత పెరుగును.

మంచు కనబడగానే థర్మాస్టాటుపై చల్లదనము నాపి, ఫ్యాను మాత్రము నడుపవలెను. మంచు కరుగుటకు కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు ఒక దినము పట్టును. ఆ లోపల ముసలివారిని, బిడ్డలను చల్లనిచోట నుంచవలెను. అవసరమైనచో ఇరుగుపొరుగు వారి యింటికి పంపుటకు మొగమాటపడరాదు. కత్తితో గాని గరిటెతో గాని మంచును గీకరాదు, గొట్టము చిల్లుపడును. మంచుతోనే యంత్రమును నడిపినచో, ఆవిరి కాని ద్రవము కంప్రెసరును చేరి దానిని పాడుచేయును. కంప్రెసరు యంత్రమునకు గుండెకాయ వంటిది. దానిని మార్చుట మిక్కిలి ఖర్చుతో గూడిన పని.

మంచు కరిగిన పిదప మొదట ఫిల్టరును చూడుడు. దానిని వెలుతురున కెత్తి పట్టినపుడు వెలుగు కానరానిచో మార్చవలెను. తాళింపు పొగలోని నూనెజిడ్డు గల యిండ్లలో దుమ్ము త్వరగా పేరుకొనును. పిమ్మట గాలి వచ్చు జాలీలను చూడుడు. పొదుపునకని వాడని గదుల జాలీలు మూసివేయుటయు, గాలిని లోనికి పీల్చు పెద్ద జాలీకి సోఫా అడ్డముగా వేయుటయు మంచునకు కారణములే. ఫ్యాను సరిగా తిరుగుచున్నదో లేదో గమనింపవలెను. బయటి గాలి 15 డిగ్రీలకు తగ్గిన రాత్రులలో యంత్రమును నడుపరాదు.

ఇవన్నియు సరిగానుండియు మరల మంచు పట్టినచో పనివానిని పిలువవలెను. చుట్టపై మురికి పేరుకొని యుండవచ్చును. లేదా గ్యాసు తగ్గియుండవచ్చును. ఇచ్చటనే మన మెలకువ కావలెను. గ్యాసు దీపములోని నూనెవలె ఖర్చగునది కాదు. మూసిన గొట్టములలోనే తిరుగుచుండును. అది తగ్గినదన్నచో ఎక్కడనో కారుచున్నదన్నమాట. ఏటేటా గ్యాసు నింపించుట ఓటికుండలో నీరు పోయుటయే. కావున "గ్యాసు వేసెదనమ్మా" అని పనివాడనినప్పుడు, "ముందు చిల్లు ఎక్కడనో చూపుము" అని అడుగుటకు సంకోచింపరాదు. అమెరికాలో ఈ గ్యాసును ముట్టుటకు ధ్రువపత్రము పొందిన వారికే చట్టము అనుమతించుచున్నది. పాత యంత్రములలోని ఆర్-22 అను గ్యాసును క్రొత్తగా తయారుచేయుటయు దిగుమతి చేయుటయు అచ్చట 2020లో ఆగిపోయినవి. కావున అట్టి యంత్రమునకు చిల్లుపడినచో బాగుచేయింతుమా, మార్తుమా యని లెక్క చూచుకొనుట మేలు.

ప్రతి నెల మొదటి తేదీన ఫిల్టరును చూచుటయు, వేసవి రాకముందే చుట్టను శుభ్రపరపించుటయు అలవాటు చేసికొనుడని మా సోదరీమణులకు మేము చెప్పుచున్నాము. ఈ రెండు పనులు తప్పక జరుగు ఇంట మంచు పట్టుట అరుదు.