మీకు తెలుసా? ఎండాకాలం హైదరాబాద్ కోఠిలో డీజిల్ కూడా భగ్గుమనొచ్చు

మైనస్ 40 డిగ్రీల చలిలోనూ పెట్రోల్ నిప్పు అంటుకునేంత ఆవిరి వదులుతుంది; డీజిల్ అలా ఆవిరి వదిలే వేడికి మన దేశ ప్రమాణం పెట్టిన కనీస హద్దేమో 35 డిగ్రీలే. కోఠిలో మే నెల మధ్యాహ్నం ఎండ ఆ హద్దు సులువుగా దాటేస్తుంది. కాబట్టి అక్కడి గుజరాతీ గల్లీలో ఏ జనరేటర్ పక్కనో పేరు రాయని డబ్బా కనిపిస్తే, లోపల ఏముందో తెలుసుకోవడానికి అగ్గిపుల్ల గీయకండి. ‘డీజిలే కదా, అంటుకోదులే’ అనే ధీమా చలికాలం పొద్దుటికి సరిపోతుందేమో!

తేల్చుకోవడానికి కాగితం చాలు. నిప్పుకు దూరంగా, గాలి ఆడే చోట, ఫిల్టర్ పేపర్‌పై ఒక్క చుక్క వేయండి. మంచి పెట్రోల్ రెండు నిమిషాల్లో మరక లేకుండా ఎగిరిపోతుంది, డీజిల్ జిడ్డు మచ్చ వదులుతుంది. పెట్రోల్ నాణ్యతపై అనుమానం వస్తే బంకులో ఈ కాగితం ఉచితంగా అడిగే హక్కు మీకుంది, అడిగేవాళ్లే తక్కువ.

బరువూ కొంత చెబుతుంది: 5 లీటర్ల పెట్రోల్ సుమారు 3.7 కిలోలు, అంతే డీజిల్ 4.1 కిలోల పైమాటే. నీలం రంగుంటే అది రేషన్ కిరోసిన్ కావొచ్చు.

పెట్రోల్, డీజిల్ రెండూ కలిసిపోయిన డబ్బా దగ్గర మాత్రం ఈ చిట్కాలేవీ నమ్మదగ్గవి కావు. దాన్ని బండిలో పోయకండి, మోరీలో అసలే పోయకండి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారుగా పాకుతూ దూరాన ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది.