మెట్టసీమలో గొఱ్ఱెపిల్ల

అనంతపురమునకు దక్షిణముననున్న రాప్తాడు ప్రాంతము వానకు మొగము వాచిన సీమ. జిల్లాలో ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదియు అదనునకు కురియదు. వేరుసెనగ చేతికి రాని ఏట ఇల్లు నిలుపునవి జీవాలు. గొఱ్ఱెలను, మేకలను ఇచ్చట జీవాలనుట వాడుక.

గొఱ్ఱె ఇంచుమించు 150 దినములు మోసి ఈనును. తల్లి నాకుచుండగనే పిల్ల వణకు కాళ్ళపై లేచి పొదుగు వెదకును. చూచువారికి అది ముద్దుగా నుండును గాని, పిల్లకు ప్రాణావసరము. మానవశిశువునకు రోగముల నెదిరించు శక్తి కొంత గర్భమునందే తల్లినుండి సంక్రమించును. గొఱ్ఱె మావి దానిని దాటనీయదు. పిల్ల నిరాయుధముగా పుట్టును. ఆ శక్తి ముఱ్ఱుపాలతోనే రావలెను. ఒక దినము గడచినచో పిల్ల ప్రేగులు దానిని రక్తములోనికి గ్రహింపజాలవు. పిదప ఎన్ని పాలు పట్టినను ఆ లోటు తీరదు.

తల్లి తన పిల్లను వాసనచే గుర్తించును. పరాయి పిల్ల దరిజేరినచో కుమ్మును. అందుచే తల్లి చచ్చిన పిల్లకు, పిల్ల చచ్చిన తల్లిని అలవాటుచేయుట కష్టమైన పని. చచ్చిన పిల్ల తోలును అనాథ పిల్లపై కప్పుట అనేక దేశముల కాపరులెఱిగిన ఉపాయము. మోసమే, కాని దానివలన ఇద్దరికిని మేలు.

కరవు దెబ్బ పిల్లకు పుట్టుకకు ముందే తగులును. కడుపులోని పిల్ల బరువులో ఇంచుమించు మూడింట రెండు వంతులు చివరి నెలన్నరలో పెరుగును. అప్పుడు మేత లేనిచో పిల్ల చిక్కి పుట్టును; లేచి పొదుగందుకొను బలముండదు; తల్లికి పాలును తక్కువ. ఈనిన పిమ్మట కొను మందులకంటె, చూలుతో నున్నప్పుడు వేసిన గుప్పెడు గింజలు, మోపెడు వేరుసెనగ కట్టె మేలు. కరవు లెక్కలలో ఎండిన చేలు చేరును గాని, ఈ చిక్కిన పిల్లలు చేరుట అరుదు.

రెండుమూడు వారములకు పిల్ల ఆకు కొఱుకుట నేర్చును. రెండు నెలలకు నెమరువేయు పొట్ట పనికి వచ్చును. ఇక గండము గడచెననుకొనరాదు. తొలకరికి మొలచిన లేతపచ్చికను ఆకలిగొన్న పిల్ల ఒక్కుమ్మడి మేసినచో ప్రేగులలోని సూక్ష్మక్రిములు పెచ్చు పెరిగి విషము పుట్టించును. ఇదియే చిటుకురోగము. ఉదయము గంతులు వేసిన పిల్ల సాయంత్రమునకు ఉండకపోవచ్చును. అదియు మందలో బలిసిన పిల్లయే. వానలకు ముందే టీకా వేయించిన కాపరి మాత్రము తొలి మబ్బును నిశ్చింతగా చూడగలడు.