మైక్రోసర్వీసెస్ నిర్మాణశైలి

ఒక పెద్ద సాఫ్టువేరును, ఒక్కొక్కటి ఒక్కో పనికి పరిమితమైన చిన్న చిన్న స్వతంత్ర సేవలుగా విభజించి నిర్మించే పద్ధతిని మైక్రోసర్వీసెస్ నిర్మాణశైలి అంటారు. ఈ సేవలు ముందుగా నిర్ణయించిన ఏపీఐల ప్రకారం నెట్‌వర్కు ద్వారా సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకుంటాయి. అన్ని పనులూ ఒకే ప్రోగ్రాములో ఇమిడి ఉండే పద్ధతిని ఏకశిలా నిర్మాణం లేదా మోనోలిత్ అంటారు.

ఉదాహరణ

విజయనగరం, శ్రీకాకుళం వంటి పట్టణాలలో పురపాలక సేవలనే తీసుకోవచ్చు. ఆస్తిపన్ను, కుళాయి కనెక్షను, జనన మరణ ధ్రువపత్రాలు, ఫిర్యాదులు అన్నీ ఒకే ప్రోగ్రాములో ఉన్నాయనుకుందాం. పన్ను గడువు చివరి రోజున రద్దీ పెరిగి సర్వరు స్తంభిస్తే, బిడ్డను బడిలో చేర్చేందుకు జనన ధ్రువపత్రం కోసం వచ్చిన తల్లి కూడా వట్టి చేతులతో తిరిగి వెళ్ళవలసి వస్తుంది. ఇవే వేర్వేరు సేవలుగా, వేర్వేరు డేటాబేసులతో ఉంటే ఆటంకం పన్ను సేవకే పరిమితమవుతుంది. అదనపు సర్వర్లను ఆ ఒక్క సేవకే కేటాయించవచ్చు. అయితే లాగిన్ వంటి ఉమ్మడి సేవ ఆగితే, దానిపై ఆధారపడినవన్నీ ఆగిపోతాయి.

చరిత్ర

2008 ఆగస్టులో డేటాబేసు చెడిపోవడంతో నెట్‌ఫ్లిక్స్ సంస్థ మూడు రోజులపాటు డీవీడీలను పంపలేకపోయింది. ఆ అనుభవంతో అది ఏకశిలా నిర్మాణాన్ని విడిచి, 2016 జనవరి నాటికి క్లౌడుకు మారడం పూర్తి చేసింది. జేమ్స్ లూయిస్, మార్టిన్ ఫౌలర్ 2014లో రాసిన వ్యాసంతో మైక్రోసర్వీసెస్ అన్న పేరు విస్తృతంగా ప్రచారం పొందింది.

ఆంధ్రప్రదేశ్‌లో

నందన్ నీలేకని, శ్రీకాంత్ నాదముని 2003లో స్థాపించిన ఈగవర్నమెంట్స్ ఫౌండేషన్ రూపొందించిన పురపాలక సాఫ్టువేరును ఆంధ్రప్రదేశ్‌లో 110 పట్టణ స్థానిక సంస్థలలో ప్రవేశపెట్టారు. ఆ సంస్థ తరువాత రూపొందించిన డిజిట్ వేదిక మైక్రోసర్వీసులతో నిర్మితమైనది.

పరిమితులు

ఒకే ప్రోగ్రాములో క్షణంలో ముగిసే పని, ఇక్కడ నెట్‌వర్కు మీదుగా సాగుతుంది కనుక ఆలస్యానికి, వైఫల్యానికి అవకాశం పెరుగుతుంది. పన్ను సొమ్ము జమ అయినా రసీదు రాకపోవడం వంటి పొరపాట్లను సరిదిద్దే ఏర్పాటు ముందే ఉండాలి. దోషం ఏ సేవలో ఉన్నదో కనిపెట్టడమూ కష్టమే. 2023లో అమెజాన్ ప్రైమ్ వీడియో బృందం ఒకటి, వీడియో నాణ్యతను పరిశీలించే తమ వ్యవస్థను విడి భాగాల నుండి తిరిగి ఒకే ప్రోగ్రాముగా మార్చి, ఖర్చును 90 శాతం తగ్గించుకున్నట్లు వెల్లడించింది. అందుచేత చిన్న బృందాలు మొదట ఏకశిలా నిర్మాణంతో ప్రారంభించి, అవసరాన్ని బట్టి సేవలను విడదీయడం మేలని పలువురు నిపుణుల అభిప్రాయం.