రుద్రవరం రేఖ: నల్లమల అంచున అపోహలు – వాస్తవాలు

భూఫలకాల పాఠం అనగానే పుస్తకాలు హిమాలయాలనో జపాన్‌నో చూపిస్తాయి. రుద్రవరం పిల్లలు అంత దూరం పోనక్కర్లేదు. ఊరికి తూర్పున ఉన్న నల్లమల పడమటి అంచును భూగర్భ శాస్త్రవేత్తలు ‘రుద్రవరం రేఖ’ అనే పిలుస్తారు.

అపోహ: నల్లమల అగ్నిపర్వతాలు పేలి పుట్టిన కొండలు.

కాదు. ఎగువ అహోబిలం వెళ్ళినప్పుడు రాతి గోడలను దగ్గరగా చూడండి. పొరలు పొరలుగా కనిపించే ఆ క్వార్ట్‌జైట్ ఒకప్పుడు లోతులేని సముద్రం అడుగున పేరుకున్న ఇసుక. నల్లమలలో చాలాచోట్ల ఆ రాతి మీద అలలు దిద్దిన వంపు గీతలు ఇప్పటికీ చేతికి తగులుతాయి. కరిగిన రాయి గడ్డకడితే ఆ గీతలు రావు.

అలాగని శిలాద్రవం ఇటు రానే లేదని కాదు. నంద్యాల–గిద్దలూరు రైలు దారిలోని చలమ దగ్గర లాంప్రోయిట్ అనే రాయి నల్లమల పొరలను చీల్చుకుని సన్నటి గోడలా చొచ్చుకొచ్చింది. దాని వయసు సుమారు 140 కోట్ల ఏళ్ళు. చీల్చిన రాయి కంటే చీలిన రాయి పాతదే కావాలి కదా!

మరి కొండలెలా లేచాయి? తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి పొరలు మడతలు పడి, విరిగి, పడమటికి జరిగాయి. బేతంచెర్లలో నాపరాయి దాదాపు చదునుగా పరుచుకుని ఉంటుంది. నల్లమలలో పొరలు వంగి, ఏటవాలుగా లేచి ఉంటాయి. ఈ రెంటి మధ్య రుద్రవరం రేఖ దగ్గర, నల్లమల పాత రాళ్ళు కుందూ లోయలోని కొత్త రాళ్ళ మీదికి ఎక్కాయి. అడుగున ఉన్నదే పాతదన్న సూత్రం ఇక్కడ తలకిందులైంది. ఇంత విలువైన పాఠం మన పొలాల పక్కనే ఉందని ప్రతి విద్యార్థికీ తెలియాలి.

అపోహ: మన కాళ్ళ కింద అంతా లావా సముద్రం.

1970లలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ కావలి నుంచి ఉడుపి దాకా పేలుళ్ళు జరిపి, తరంగాలతో భూమి లోపలిని పరీక్షించింది. ఆ పరీక్షల ప్రకారం మన కింద భూపటలం మందం 35–40 కిలోమీటర్లు. దాని దిగువన 2,900 కిలోమీటర్ల లోతు వరకు ఉన్న ప్రావారం కూడా గట్టి రాయే. ద్రవంలో సాగలేని ఎస్ తరంగాలు దాన్ని దాటుకుపోతున్నాయి. కాకపోతే లక్షల ఏళ్ళ మీద ఆ వేడి రాయి మెల్లగా కదులుతుంది. ద్రవంగా ఉన్నది బాహ్య కేంద్రకం. దాని లోపల గట్టి గుండె ఒకటుందని 1936లో భూకంప శాస్త్రవేత్త ఇంగె లేమాన్ చెప్పింది.

మహానంది కోనేటి నీళ్ళు చలికాలంలో వెచ్చగా తగలడానికీ కింద మంట అక్కర్లేదు. నేల లోతుల్లోకి చలి, ఎండల తేడా చేరదు; అక్కడి నుంచి ఊరే నీరు ఏడాదంతా ఇంచుమించు ఒకే వేడిలో ఉంటుంది.

అపోహ: ఫలకాల అంచు దూరం కాబట్టి మనకు భూకంపాలు రావు.

మన ఫలకం ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా కదిలి హిమాలయాల దగ్గర ఢీకొంటోంది. ఆ ఒత్తిడి లోపలి దాకా పాకుతుంది. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం ప్రాంతాలు కంపించాయి. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో వచ్చిన 6.2 తీవ్రత భూకంపానికి దాదాపు పదివేల మంది పోయారు. పటంలో పాత రేఖ ఉన్నంత మాత్రాన అక్కడ భూమి కదులుతుందని కాదు; లేనంత మాత్రాన కదలదనీ కాదు. కిల్లారిలో ఎక్కువమందిని చంపింది మట్టితో పేర్చిన బరువైన రాతి గోడలు. అలాంటి మట్టి మిద్దెలు మన సీమ పల్లెల్లో ఇంకా ఉన్నాయి. కొత్త ఇల్లు కట్టేవాళ్ళు కిటికీల పైన నాలుగు గోడలనూ కలిపే కాంక్రీటు పట్టీ తప్పక వేయించుకోవాలి.