చలికి అడ్డుకట్ట వేసిన చట్రాలు

కిటికీలకు చలి ఆపే చట్రాలు చేసే విండోడ్రెసర్స్ సంస్థ గురించి రాయమని ఈ సంచిక సంపాదకులు అడిగారు. మన సంఘంలో మొదటినుంచీ ఆ చట్రాలు చేసే బల్లల దగ్గర నిలబడ్డవాళ్లం కొద్దిమందిమే కనుక కాదనలేకపోయాను.

మెయిన్ రాష్ట్రం, రాక్‌లాండ్‌లోని ఫస్ట్ యూనివర్సలిస్ట్ చర్చిలో 2010లో ఇది మొదలైంది. చర్చి కిటికీల్లోంచి చలి దూరుతుంటే సభ్యులే చట్రాలు చేసి బిగించారు. పైన్ కర్ర చట్రం, రెండు వైపులా పారదర్శకమైన ప్లాస్టిక్ పొర, మధ్యలో కదలని గాలి, అంచుల చుట్టూ ఫోమ్ పట్టీ. మేకులు అక్కర్లేదు, లోపలినుంచి ఒత్తి పెడితే బిగుసుకుంటుంది. చలికాలం పోగానే తీసి దాచుకోవచ్చు.

అసలు కష్టమంతా కొలతల్లోనే. పాత ఇళ్లలో ఏ కిటికీ మూలమట్టానికి ఉండదు. పైన ఒక కొలత, కింద మరొకటి. కాస్త తేడా వస్తే చట్రం పట్టదు, పట్టినా సందులోంచి గాలి కొడుతుంది. లేజర్‌తో కొలిచే పని మన కుర్రాళ్లు ఇట్టే పట్టేశారు. ఈ రాష్ట్రంలో సగానికి పైగా ఇళ్లకు హీటింగ్ ఆయిలే దిక్కు. ట్యాంకు నింపించుకోలేక, గదులు మూసేసి వంటింట్లోనే పడుకునే ముసలివాళ్లను మేం కొలతలకు వెళ్లినప్పుడు చూశాం. అలాంటి ఇళ్లకు పది చట్రాల దాకా ఉచితం, ఖర్చు విరాళాల నుంచి వస్తుంది. డబ్బిచ్చి తీసుకునేవారూ ఊరికే తీసుకునేవారూ ఒకే బల్ల దగ్గర పని చేస్తారు. ఎవరి చట్రానికి ఎవరు కట్టారని ఎవరూ అడగరు. నాకు ఈ సంస్థ మీద గౌరవం కలిగింది అక్కడే.

పొర అంటించే బల్లను తామే నిలబెట్టామని తర్వాత వచ్చిన జట్లు చెబుతుంటాయి. మా చోట తొలి ఏళ్లలో డబుల్ సైడెడ్ టేప్ వేసి, హీట్ గన్‌తో ముడత లేకుండా పొరను బిగించింది మన ఆడపడుచులే. ఈ మాట సంచికలో ఉండాలి.

ఆ తర్వాత ఈ పని న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్ రాష్ట్రాలకూ పాకింది.

 

చట్రాల పని శరదృతువులో. కొలతలు అంతకుముందే పూర్తికావాలి. చలికి ఇబ్బంది పడుతున్న ఇల్లు మీ వీధిలో ఉంటే ఇప్పుడే మన సంఘం కార్యవర్గానికి చెప్పండి.